చేనేత: దయాధర్మమా, జాతీయోత్పత్తియా?

మన దేశమున చేతిమగ్గముపై ఆధారపడి పనిచేయువారు 1995-96 గణనమున 65 లక్షలకు పైబడి యుండిరి. 2009-10 నాటికి 43 లక్షలైరి. 2019-20 నాటి నాల్గవ గణనమున 35 లక్షలుగా తేలిరి. పాతికేండ్లలో ఇంచుమించు సగముమంది మగ్గమును విడిచిరన్నమాట. ఒక మిల్లు మూతపడి కొన్ని వేలమంది వీధిని బడినచో శాసనసభలు దద్దరిల్లును. నేతగాండ్రు ఒక్కొక్క యింట చప్పుడులేక పని మానిరి గనుక దేశము చెవికి సోకలేదు.

అందరును గతిలేకయే మానిరని మేమనము. కొందరి బిడ్డలు చదువుకొని మంచి కొలువులలో కుదురుకొనిరి, అది సంతోషింపదగినదే. కాని నేతకుటుంబములలో సుమారు మూడింట రెండువంతులకు నెలసరి రాబడి 5000 రూపాయలకు లోబడియే యున్నదని ఆ నాల్గవ గణనమే చెప్పుచున్నది. గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి, కాంచీపురము చీరలను కొనువారు మాత్రము కరవుకాలేదు. సరకునకు గిరాకి యుండియు నేసినవానికి కూలి గిట్టకున్నచో, లోపము వృత్తియందు లేదు, దానిని నడపు ఏర్పాటునందున్నది.

తొలినాళ్లలో ప్రణాళికాకర్తలకు ఈ వివేకము లేకపోలేదు. 1952లో అఖిలభారత చేనేత మండలియు, కమలాదేవి చట్టోపాధ్యాయ అధ్యక్షతన హస్తకళల మండలియు ఏర్పడినవి. 1953లో మిల్లుగుడ్డపై అదనపు సుంకము విధించి ఆ సొమ్మును ఖద్దరునకును చేనేతకును వినియోగింప చట్టము చేసిరి. మిల్లుల ఉత్పత్తిని అప్పటి మట్టముననే నిలిపి, పెరుగు అవసరమును చేతిమగ్గముచే తీర్చవలెనని 1955లో కర్వే సంఘము సూచించెను. రెండవ పంచవర్ష ప్రణాళికలో నేతగాడు అన్నార్థి కాడు, దేశమునకు బట్ట నిచ్చువాడు. కాలక్రమమున ఆ దృష్టి మాసిపోయి, రిబేటులు, ఋణమాఫీలు, పండుగనాటి కొనుగోళ్లు మిగిలినవి. తుదకు 2020లో ఆ రెండు మండలులును రద్దయినవి. నేతగాని మాట ప్రభుత్వముతో చెప్పుకొన నుండిన ద్వారము మూతపడినది.

ఇపుడు లోకమంతటను 'సృజనాత్మక పరిశ్రమలు' అను మాట మారుమ్రోగుచున్నది. 1998లో బ్రిటిషు ప్రభుత్వము అట్టి పరిశ్రమలను 13గా పట్టీ వేసినపుడు, చలనచిత్రములు, సంగీతము, ప్రచురణలతో పాటు చేతిపనులనుగూడ చేర్చెను. 2025 మేనెలలో మన ప్రభుత్వము బొంబాయిలో జరిపిన దృశ్యశ్రవ్య వినోద మహాసభ, పేరునకు తగినట్లే, చలనచిత్రములకును ఆటలకును పెద్దపీట వేసెను. అది తప్పని మేమనము. ఆ రంగములలో మన యువకులకు బ్రదుకుతెరువున్నది. కాని సినిమా ఒక మంత్రిత్వశాఖ క్రిందను, చేనేత మరియొక శాఖ క్రిందను, సంగీతనాటకములు వేరొక శాఖ క్రిందను ఉండగా, కళవలన జీవించు జనులందరినిగూర్చి ఒక్కచోట కూర్చుండి యోచించువారెవరు?

చట్టములకు కొరత లేదు. చేనేతకు కొన్ని రకములను ప్రత్యేకించుచు 1985లో శాసనమైనది. దానిని సుప్రీముకోర్టు 1993లో సమర్థించెను. మొదట 22గా నుండిన ఆ రకములు పిమ్మట 11కు తగ్గినవి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము 2003లో అమలునకు వచ్చి, మన చీరలు పెక్కింటికి గుర్తింపు నిచ్చినది. అయినను మరమగ్గముపై గంటలలో దిగిన నకలు, పదిదినములు నేసిన అసలు ప్రక్కనే అసలుపేరుతోనే అమ్ముడుపోవుచున్నది. సోదా చేయువాడు లేని చట్టము కాగితమునకే కాపు.

చేయవలసిన పని అసాధ్యము కాదు. చేనేత, చేతిపనుల ఉత్పత్తిని జాతీయాదాయపు లెక్కలలో వేరుగా చూపవలయును. లెక్కకు రానిదానికి ప్రణాళికలో చోటు దొరకదు. చిలపనూలు సరసమైన ధరకు, వేళకు అందవలయును. నేసిన సరకు తాకట్టుపై సులభమైన అప్పు పుట్టవలయును. 1985 శాసనమును అమలుజరుప తగినంత సిబ్బంది నియమింపవలయును. రద్దయిన మండలుల స్థానమున, నేతగాండ్రకే అధికసంఖ్యాబలముగల సంఘ మేర్పడవలయును.

ఇది తెలుగునాటికే పరిమితమైన విషయము కాదు. తమిళ కన్నడ సీమలయందును, షోలాపురమునను తరతరములుగా స్థిరపడిన మన దేవాంగ, పద్మశాలి కుటుంబములు పెక్కు మగ్గమును నమ్మియే ఊరు దాటినవి. రాష్ట్రముల ఎల్లలు మారినను వారి కష్టము మారలేదు. రాజధానిలోని మన న్యాయవాదులు ఆ సహకార సంఘముల పక్షమున నకలుసరకుపై వ్యాజ్యములు నడుపవచ్చును. గణకులు వారి పద్దులు చక్కదిద్దవచ్చును. కొనువారందరును 2006లో వెలువడిన చేనేతముద్రను అడిగి చూచుకొనవచ్చును.

నేతపని పుస్తకమున చదివి నేర్చునది కాదు. తల్లి ప్రక్కను, తండ్రి ప్రక్కను కూర్చుండి నేర్చునది. ఒక తరము మానినచో మరుతరమునకు నేర్పువారుండరు. మూతపడిన మిల్లును డబ్బుతో మరల తెరువవచ్చును. మరచిన చేతిపనిని ఎంత డబ్బు పెట్టినను కొనలేము. ప్రభుత్వమువారు మరియొక గణనముకొరకు వేచియుండక ఇప్పుడే మేల్కొందురు గాక.