పన్నెండు నెలలు ఎవరు లెక్కపెట్టాలి?

జహీరాబాద్ నుంచి బీదర్ సుమారు ముప్పై కిలోమీటర్లు. ఆస్పత్రికి, కాలేజీకి, బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లకు ఇక్కడివాళ్లు అక్కడికి వెళుతుంటారు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి అక్కడివాళ్లు ఇక్కడికి వస్తుంటారు. బీదర్ వీధిలో టీఎస్ 15 బండిని, జహీరాబాద్ బజారులో కేఏ 38 బండిని ఎవరూ ఆగి చూడరు. వచ్చిన పని చూసుకుని సాయంత్రానికి తిరిగి వెళ్లేవారికి సరిహద్దుతో పేచీ లేదు. ఉద్యోగం వల్లో పిల్లల చదువు వల్లో గీతకు అవతలే ఉండిపోవాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

1956 నవంబర్ 1కి ముందు ఇక్కడ ఈ గీతే లేదు. జహీరాబాద్ అప్పుడు బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. నిర్ణా బీదర్‌తో పాటు మైసూరు రాష్ట్రంలోకి పోయింది. తాలూకాలను సైతం చీల్చి, సర్కిళ్ల లెక్కన చేసిన పంపకం ఇది. భాషల పేరు మీద గీసిన ఆ గీతకు ఇటువైపు ఈనాటికీ తెలుగు, ఉర్దూలతో పాటు కన్నడ, మరాఠీ వినిపిస్తాయి. చుట్టరికాలు, వ్యాపారాలు పాత బీదర్ జిల్లా హద్దుల్లోనే నడుస్తున్నాయి.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండికి దేశమంతా తిరిగే హక్కుంది. ఆ వెంటనే వచ్చే 47వ సెక్షన్, ఆ బండిని పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నెంబరు తీసుకోవాలంటుంది. వాహన పన్నేమో రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో ఉంది. బండికి దేశమంతా చెల్లుబాటు ఉన్నా, దాని మీద కట్టిన పన్ను రాష్ట్రం గీత దగ్గరే ఆగిపోతుంది. సొంత ఆర్టీఏ ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ కాగితాలు పట్టుకుని పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు చేతినుంచి డబ్బు పోవాలి, తర్వాతే వెనక్కి రావాలి. నెల జీతం మీద, కిస్తీల మీద కారు కొన్నవారికి ఇది చిన్న భారం కాదు.

పన్నెండు నెలల గడువును కూడా రాష్ట్రాలు గౌరవించని సందర్భాలున్నాయి. ముప్పై రోజులు దాటి ఉన్న పొరుగు బండ్ల నుంచి జీవితకాల పన్ను వసూలు చేయడానికి కర్ణాటక 2014లో తన చట్టాన్ని సవరించుకుంది. ఆ సవరణను కర్ణాటక హైకోర్టు 2016లో కొట్టేసింది.

ఇంతకీ ఆ గడువు ఏ రోజు నుంచి మొదలైనట్టు? సరిహద్దు దాటినప్పుడు తేదీ వేసి చేతికిచ్చే కాగితమేదీ లేదు. రోడ్డు మీద ఆపిన అధికారి మీరు వచ్చి ఏడాది దాటిందంటే, కాదని చూపించే బాధ్యత యజమాని మీద పడుతోంది. టోల్ రసీదులు, పెట్రోలు బిల్లులు దాచుకున్నవాడు బతికాడు.

నిజంగా వేరే దేశమైన నేపాల్‌తో దీన్ని పోల్చి చూడాలి. ఇక్కడినుంచి కారేసుకుని నాగపూర్, జబల్‌పూర్, గోరఖ్‌పూర్ మీదుగా సొనౌలీ చేరితే, అక్కడ కస్టమ్స్ కౌంటరులో రోజుల లెక్కన రుసుము కట్టి భన్సార్ చీటీ తీసుకోవచ్చు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ చెల్లుతుంది. బీమా పాలసీ మాత్రం మామూలుగా మన దేశం వరకే కాబట్టి, నేపాల్‌కు వర్తించేలా అదనపు ప్రీమియం కట్టి ముందే పొడిగించుకోవాలి. ఎన్ని రోజులకు కట్టాం, ఎప్పటిలోగా తిరిగి రావాలి అన్నది చీటీ మీదే ఉంటుంది. ఇలాంటి రాకపోకలను నాలుగు దేశాల మధ్య సులువు చేద్దామని భారత్, భూటాన్, బంగ్లాదేశ్, నేపాల్ 2015 జూన్ 15న థింపూలో సంతకాలు చేశాయి. సొంత కార్లు కూడా ఆ ఒప్పందంలో భాగమే. భూటాన్ ఆమోదం తెలపకపోవడంతో అది నత్తనడక నడిచింది. అయినా పరాయి దేశపు గుమ్మంలో దొరికే స్పష్టత సొంత దేశంలోని పక్క జిల్లాలో దొరకకపోవడం సమర్థించుకోలేని విషయం.

కేంద్రం 2021లో తెచ్చిన బీహెచ్ సిరీస్ ఈ చిక్కుకు సగం మందే వేసింది. ఆ నెంబరున్న బండికి రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు. అయితే అది రక్షణ సిబ్బందికి, ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకుమించిన రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకే. బీదర్‌లో దుకాణం పెట్టుకున్న జహీరాబాద్ వ్యాపారి, పొలం ఒక రాష్ట్రంలో ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్న రైతు అందులోకి రారు. బదిలీల మీద తిరిగేవారిని దృష్టిలో పెట్టుకున్న పథకానికి సరిహద్దు మీద బతికేవారు కనిపించలేదు.

ఇది ఇక వాయిదా వేయదగ్గ విషయం కాదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల అంచనా. ఆ భూములున్నది న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో. 1956 దాకా బీదర్ తాలూకాలో ఉన్న ఆ న్యాల్‌కల్‌లో ఫ్యాక్టరీలు వస్తే, బీదర్‌లో ఇల్లు పెట్టుకుని ఇక్కడ పనిచేసేవారు, కేఏ నెంబరుతో వచ్చి ఇక్కడే అద్దెకుండేవారు పెరగడం ఖాయం. పైగా తెలంగాణ 2025లో రవాణా చెక్‌పోస్టులను ఎత్తేసింది. మంచి నిర్ణయమే. కానీ తనిఖీ ఇక సరిహద్దు దగ్గర కాకుండా ఊళ్లో, రోడ్డు మధ్యలో జరుగుతుంది. వచ్చిన తేదీ మీద వాదన అక్కడే మొదలవుతుంది.

బస్సుల, లారీల పర్మిట్ల కోసం రాష్ట్రాలు పరస్పర ఒప్పందాలు చేసుకోవడానికి మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ఎప్పుడో దారి వేసింది. ఇరుగుపొరుగు జిల్లాల సొంత బండ్ల విషయంలోనూ తెలంగాణ, కర్ణాటక అలాగే కూర్చుని మాట్లాడుకోవాలి. వచ్చిన తేదీని యజమానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలివ్వాలి. ఏడాది దాటిందని రుజువు చేసే బాధ్యత పన్ను అడిగేవారిదే కావాలి. పాత రాష్ట్రంలో మిగిలిన పన్నును రెండు శాఖలే సర్దుబాటు చేసుకుని, తేడా ఉంటే అంతవరకే యజమాని నుంచి తీసుకోవాలి. బీహెచ్ సిరీస్‌ను సరిహద్దు జిల్లాల నివాసులకు తెరవడం కేంద్రం చేయాల్సిన పని, దానికోసం జహీరాబాద్, బీదర్ ఎంపీలిద్దరూ కలిసి పార్లమెంటులో అడగాలి.