బాంబు ఎక్కడుందో నీకెలా తెలుసు?

గుమ్మడిదల, పటాన్‌చెరు పరిసరాల ఫ్యాక్టరీల్లో మిషను ఆగిపోతే చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్ తోచిన బటనల్లా నొక్కడు. కరెంటు వస్తోందా, ఫ్యూజు బాగుందా, మోటారు పనిచేస్తోందా... ఒక్కొక్కటీ చూసి, బాగున్నవాటిని పక్కనపెడతాడు. మిగిలినచోటే లోపం. ఇదే పద్ధతిని పిల్లలకు సరదాగా అలవాటు చేసే కంప్యూటర్ ఆట ఒకటుంది. అదే మైన్‌స్వీపర్!

1992లో విండోస్ 3.1తో కలిసి వచ్చి ఇంటింటికీ పరిచయమైంది. తేలిక స్థాయిలో 81 గడులు, వాటిలో 10 బాంబులు. గడి తెరిస్తే కనిపించే అంకె, చుట్టూ ఉన్న గడుల్లో ఎన్ని బాంబులున్నాయో చెబుతుంది. ‘1’ చుట్టూ మూసి ఉన్న గడి ఒక్కటే మిగిలితే బాంబు అక్కడే. ఆ గడికి జెండా పెట్టాలి. దాన్నే ఆనుకుని మరో ‘1’ ఉందా? అయితే దాని చుట్టూ మూసి ఉన్న మిగతా గడుల్ని నిశ్చింతగా తెరవొచ్చు.

ఇంతేనా అనుకోవద్దు. పలక పెద్దదయ్యేకొద్దీ, కనిపిస్తున్న అంకెలకు సరిపడేలా బాంబులు ఉండటం సాధ్యమా కాదా అని తేల్చడం గొప్ప చిక్కు సమస్యల కోవలోకే వస్తుందని 2000లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ గణితవేత్త రిచర్డ్ కే నిరూపించారు.

ఈ ఆట ఆడినంత మాత్రాన లెక్కల్లో మార్కులు పెరిగిపోవు. కారణం చెప్పే అలవాటు వస్తేనే లాభం. కొన్నిసార్లు ఏ తర్కమూ పనిచేయదు, ఊహించక తప్పదు. తెలిసిందేదో, ఊహిస్తున్నదేదో గుర్తించడమే అసలు పాఠం. అందుకే పిల్లల పక్కన కూర్చుని ‘అక్కడ బాంబు లేదని నీకెలా తెలుసు?’ అని అడగండి. కారణం చెబితే అది ఆలోచన. ‘ఊరికే నొక్కా’ అంటే జూదమే!