తొట్టియొద్దకా? టిక్కెట్టు గుమ్మమునొద్దకా?



క్రిస్మసు పండుగ సమీపించగానే మన పల్లె సంఘములలో పూర్వము రెండు ప్రశ్నలు వినబడుచుండెను. ప్రేమవిందుకు బియ్యము ఎవరెవరు తెచ్చెదరు? పాటల గుంపు ఏ వీధినుండి బయలుదేరును? ఇప్పుడు మూడవ ప్రశ్న యొకటి వచ్చి ఆ రెంటిని వెనుకకు నెట్టుచున్నది. "ఈ ఏడు బస్సు ఎక్కడికి?" థీమ్ పార్కు అని పిలువబడు పట్టణపు వినోదవనమునకు పోవుటకై యువజన సంఘమువారు పేర్లు వ్రాసికొనుచున్నారు. కొన్నిచోట్ల పండుగ మరునాడు పోవుచున్నారు. మరికొన్నిచోట్ల పండుగ దినమందే, ఆశీర్వాదము పలుకకమునుపే, గుడి బయట బస్సు హారను మ్రోగుచున్నది. దీనిని చూచి మౌనముగా నుండుట కాపరికి తగదు. కాబట్టి సూటిగా చెప్పుచున్నాను: క్రిస్మసు దినములను థీమ్ పార్కునకు అప్పగించుట మన సంఘములకు క్షేమకరము కాదు, ఈ ఆచారమును మానవలెను.

నా మాటను అపార్థము చేసికొనవద్దు. నవ్వుట పాపము కాదు. మన ప్రభువు కానా ఊరి పెండ్లికి పిలువబడి వెళ్లెను. ముఖము ముడుచుకొని కూర్చుండలేదు. ఎండలో మిరపకాయలు కోసిన చేతులకును, ప్రత్తి తీసి గీచుకొనిపోయిన వ్రేళ్లకును ఒక దినము విశ్రాంతి కావలెనని నేనెరుగుదును. పిల్లలు నీళ్లలో ఆడి కేరింతలు కొట్టినయెడల కోపించు దేవుడు మన దేవుడు కాడు. వేసవి సెలవులలో, మీ చేత డబ్బున్నప్పుడు, మీ కుటుంబముతో పొండి. నేను అడ్డము రాను. నా వాదము ఆటలతో కాదు. పండుగ కాలమును, సంఘ ద్రవ్యమును, వెనుక విడువబడిన మనుష్యులను గూర్చియే నా వాదము.

ఈ పార్కులకును క్రిస్మసుకును సంబంధము ఎట్లు కలిగెనో కొంచెము తెలిసికొనుడి. అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రములో శాంటాక్లాజ్ అను పేరుగల చిన్న ఊరు కలదు. అక్కడికి వచ్చిన పిల్లలకు శాంటాక్లాజ్ కనబడలేదని లూయీ కోక్ అను పారిశ్రామికుడు 1946వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన శాంటాక్లాజ్ లాండ్ అను పార్కును తెరచెను. ఆగస్టు నెలలో క్రిస్మసు! తొమ్మిదేండ్లకు, 1955 జూలై 17న, కాలిఫోర్నియాలోని అనహైములో డిస్నీలాండ్ తెరువబడెను. అక్కడ పండుగ దినములలో వీధిమీద కురియు మంచు మంచు కాదు, సబ్బు నురుగు. ఫ్లారిడాలోని మాజిక్ కింగ్డమ్ అను పార్కులో 1983లో ఒక క్రిస్మసు రాత్రి వేడుక మొదలైనది. దానికి పగటి టిక్కెట్టు చెల్లదు, వేరుగా కొనవలెను. మన హైదరాబాదు ప్రాంతములో 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2004లో కృత్రిమ మంచుతో స్నో వరల్డ్, 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా వచ్చినవి. ఈ వ్యాపారులను నేను నిందించను. వారు అమ్ముదురు, అది వారి వృత్తి. పార్కువారు మన గుడిలోనికి వచ్చి పండుగను ఎత్తుకొనిపోలేదు. మనమే దానిని మోసికొనిపోయి వారి గుమ్మమునొద్ద దించుచున్నాము. నింద మనది.

ఇప్పుడు ఆ బస్సులో ఎవరు కూర్చుండిరో చూడుడి. తరువాత ఎవరు కూర్చుండలేదో లెక్కించుడి. బస్సు కిరాయి, టిక్కెట్టు, రెండు పూటల తిండి, పిల్లవాడు ఏడ్చి అడుగు బొమ్మ, ఇవన్నియు కలిపితే నలుగురున్న కూలి కుటుంబమునకు అనేక దినముల కూలి. కలిగినవారు సులభముగా ఇచ్చెదరు. లేనివాడు ఇరుగుపొరుగువారి యెదుట తలదించుకొనలేక వడ్డీకి అప్పు తెచ్చును. రక్షకుడు పుట్టెనను సువార్త ఆ యింట సంక్రాంతి నాటికి వడ్డీ లెక్కయై నిలుచును. అప్పు కూడ పుట్టని విధవరాలు, మంచము పట్టిన ముసలివాడు, కాలు లేని సహోదరుడు ఊరిలోనే యుందురు. ఆ రాత్రి వారి గుమ్మమునొద్ద పాట వినబడదు. పాడువారందరు బస్సులో నిద్రపోవుచుందురు.

పార్కులలో పెద్ద ఆటల యెదుట ఒక పలక వ్రేలాడుచుండును. గర్భిణీ స్త్రీలు ఎక్కరాదు, గుండె జబ్బుగలవారు ఎక్కరాదు, ఇంత ఎత్తు లేనివారు ఎక్కరాదు అని దానిమీద వ్రాయబడి యుండును. క్షేమముకొరకు అది సరియైన కట్టడయే. అయితే సంఘమా, ఆ పలకయెదుట నిలిచి ఒకమారు ఆలోచించుము. నిండు చూలాలైన మరియ దానిని దాటి లోపలికి పోలేదు. మందను కాయు గొల్లలయొద్ద టిక్కెట్టు వెల లేదు. దేవాలయములో కనిపెట్టుకొనియున్న ముదుసలి అన్న ఆ మెట్లు ఎక్కలేదు. క్రిస్మసు కథలోని మనుష్యులే ఎక్కలేని చోట క్రిస్మసు జరుపుట ఎట్లు? సత్రములో స్థలము లేకపోయినను పశువుల తొట్టియొద్ద అందరికి స్థలము దొరికెను. అక్కడ వెల లేదు, ఎత్తు కొలత లేదు, పలక లేదు. విందు చేయునప్పుడు బీదలను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో నేర్పెను. వారిని ఊరిలో విడిచి మనము చేయు విందు ఎవరి విందు?

మరియొక సంగతి. ఈ పార్కులలో మిక్కిలి పేరుగన్న ఆటలు మనిషిని బహు ఎత్తునకు తీసికొనిపోయి ఒక్కసారిగా క్రిందికి విడుచును. పడుచున్నట్లుండును గాని పడరు. ప్రాణభయము కలుగును గాని దెబ్బ తగులదు. మత్తయి సువార్త 4వ అధ్యాయమును తెరచి చూడుడి. శోధకుడు ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలిపి, ఇక్కడనుండి దూకుము, నీకు గాయము కాకుండ దూతలు పట్టుకొందురు అనెను. అనగా, జనులు నోరు తెరచి చూచు వింత యొకటి చూపుమనెను. ప్రభువు నిరాకరించెను. ఆయన దిగివచ్చినది వేరు విధమైన దిగుట. పరలోకమునుండి పొత్తిగుడ్డలలోనికి, అక్కడనుండి సిలువకు ఆయన దిగెను. క్రింద పట్టుకొనువారెవరును లేరు, దెబ్బ తప్పలేదు. ఊయల యెక్కినవాడు శిఖరముమీది శోధనలో పడెనని నేననను. అయితే వింత చూపుటకు నిరాకరించిన ప్రభువుయొక్క జన్మదినమును వింతలు చూచుటకే వాడుకొనువారు, తాము ఎవరి పండుగ చేయుచున్నారో మరచుచున్నారు.

కొందరు నాకు అడ్డము చెప్పుదురు. "అయ్యగారూ, అక్కడ కూడ వాక్యము చదువుదురు" అని. నిజమే. డిస్నీలాండులో 1958లో మొదలైన కొవ్వొత్తుల కార్యక్రమమున పేరుపొందిన నటులు క్రీస్తు జనన వృత్తాంతమును చదువుట కలదు. వాక్యము ఎక్కడ చదువబడినను సంతోషమే. అయితే వినినవారు లేచి మరియొక ఆటవైపు పోవుదురు. రోగియైన పొరుగువాని యింటికి పోవుడని వారికి చెప్పు కాపరి అక్కడ లేడు. చదువుట పార్కు చేయగలదు. సంఘము చేయవలసిన పని పార్కు చేయలేదు.

"యవ్వనస్థులను ఆపినయెడల వారు సంఘమును విడిచిపోవుదురు" అని మరికొందరు అందురు. బస్సుకొరకు నిలిచినవారు బస్సు లేని ఏడు నిలుతురా? పని చేసినవారికే పని చేసిన చోటిమీద ప్రేమ పుట్టును. మెదకు దేవాలయమును చూడుడి. మొదటి ప్రపంచ యుద్ధ దినములలో కరవు వచ్చి జనులు అన్నము లేక తిరుగుచుండగా, వెస్లియన్ మిషనెరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు వారికి ఊరక బిచ్చము వేయక, పని యిచ్చి అన్నము పెట్టెను. ఆ చేతులతో లేచిన గుడి 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసు దినమున, ప్రతిష్ఠింపబడెను. దాని గోపురము 175 అడుగుల ఎత్తు. అంతకు పూర్వము, 1876–78 సంవత్సరముల కరవులో, ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారిచేత త్రవ్వించి కూలి యిచ్చెను. మన పితరులకు సంఘము ఇట్లు దొరికెను. ఇప్పుడు మెదకులో పండుగనాడు అంగళ్లును రంగులరాట్నములును లేకపోలేదు. అయినను అక్కడికి పోవువాడు గుడికొరకు పోవును, రాట్నము దారిలో ఎదురగును. మన బస్సు రాట్నముకొరకే పోవుచున్నది. దారిలో గుడియే లేదు.

కాబట్టి ఏమి చేయుదము? మొదటిది, ఆగమన కాలము మొదలుకొని నూతన సంవత్సర ఆరాధనవరకు సంఘము పేరట విహారయాత్ర వద్దని పెద్దలు తీర్మానించవలెను. రెండవది, సంఘ కానుకలలోనుండి దానికి ఒక్క రూపాయి తీయరాదు. మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు దేవునికొరకు తీసియుంచిన పిడికెడు బియ్యము టిక్కెట్టుగా మారరాదు. మూడవది, బస్సుకొరకు కూడబెట్టిన సొమ్ముతో ప్రేమవిందు విస్తరించి, ఊరిలో ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను ఆకలితో నున్నవానిని పిలువవలెను. నాలుగవది, పిల్లలకు ఆట కావలెను. గుడి ఆవరణములో పందెములు పెట్టుడి, ఊయలలు కట్టుడి, పెద్దలు కూడ కూర్చుండి చప్పట్లు కొట్టుడి. ఐదవది, యవ్వనస్థులారా, మీ పాటల గుంపును మొదట ఊరి చివరి యింటికి, ఎవరును రాని యింటికి తీసికొనిపొండి.

ఆ యింటిలోని అవ్వ తలుపు తెరచి, చలిలో నిలిచిన మిమ్మును చూచి, పైట చెంగుతో కన్నులు తుడుచుకొనును. ఆ సంతోషమును ఏ గుమ్మమునందును అమ్మరు. దానిని పోగొట్టుకొనకుండ ప్రభువు మన సంఘములను కాపాడును గాక.