కొమ్ము ఎవరిది?

మొన్న క్లాసు అయ్యాక జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు ఆగి, "సార్, ఇంటిపేరు మార్చుకోవాలంటే గెజిట్‌కి ఎలా పెట్టాలి?" అని అడిగాడు. అతని ఇంటిపేరు కొమ్ము. హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీలో ఎవరో నోటితో బూర ఊదుతారట. నందిగామలో అద్దెగది అడిగితే, పేరు పూర్తిగా చెప్పగానే "నిన్ననే ఇచ్చేశాం బాబూ" అన్నారట.

నేను తెలుగు చెప్పేవాణ్ని. గెజిట్ సంగతి తర్వాత, ముందు మాట సంగతి చూద్దాం అన్నాను.

కొమ్ము అచ్చతెలుగు మాట. పశువు కొమ్మూ, ఆ వంకరలోనే లోహంతో చేసి ఊదే బూరా, రెండూ కొమ్మే. తమిళంలోనూ కన్నడంలోనూ ఇది కొంబు. తమిళంలో చెట్టు కొమ్మకీ అదే మాట. 'కు' రాయాలంటే కకి కొమ్ము ఇవ్వాలి. గుణింతం దిద్దిన ప్రతివాడూ ఈ మాట పలికినవాడే. చదువు ఎక్కువైతే "కొమ్ములు తిరిగిన పండితుడు" అని పొగుడుతాం. పండితుడి తలమీద గౌరవమైన కొమ్ము మన ఇంటిపేరులోకి రాగానే నవ్వులాట ఎందుకైంది?

కావ్యాల్లో రాజు కదిలితే కాహళలు మోగుతాయి. మోగడమే తప్ప, ఊదినవాడు కనిపించడు. వాడు కనిపించేది కులాల పుస్తకంలో. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో 'కొమ్ముల' అంటే కొమ్ము ఊదేవాళ్ల వృత్తిపేరు. పండగల్లో, చావుల్లో ఊదేవాళ్లుగా పాణిసవన్, మంగలి, మాల కులాలను ఆయన చెప్పాడు. మోత కావ్యానికి పోయింది, మైల మనకి మిగిలింది.

తప్పు వాద్యానిదా? కేరళ వెళ్లి చూడండి. పంచవాద్యంలో ఇదే కొంబు ఒకటి. త్రిస్సూర్ పూరంలో వరసగా నిలబడి ఊదుతుంటే జనం చేతులెత్తి ఊగిపోతారు. అక్కడ అది గుడి కళ. వంకర అదే, ఊపిరి అదే. వాద్యానికి కులం లేదు, పట్టుకున్న చేతిని చూసి అంటగట్టారు.

అలాగని "మన కళ, మన గర్వం" అంటూ మళ్లీ చావు ముందు ఊదమని నేను చెప్పను. వంశపారంపర్య వెట్టి పోవాలనే బాబాసాహెబ్ 1928లో మహర్ వతన్ మీద బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. వెట్టిని వదులుకోవాలి. మాటను వదులుకోనక్కర్లేదు. అది మన నోట నిలిచిన చరిత్ర.

ఆ కుర్రాడితో ఇదే అన్నాను: పేరు మార్చుకోవడం నీ హక్కు, గెజిట్ దరఖాస్తు నేనే నింపిస్తాను. కానీ పేరు మారినా ఆ ఇంటివాళ్లు మరో ప్రశ్న వేస్తారు, "మీరేవిట్లు?" అని. మారాల్సింది ఆ ప్రశ్న.

కొమ్ము ఊదినవాళ్ల పిల్లలు సిగ్గుపడొద్దు. కులానికి కొమ్ము కాసేవాళ్లు సిగ్గుపడాలి.

జై భీమ్.