మాటల లిస్టులు పక్కన పెడదాం, చదువు గది తెరిపిద్దాం

చేవెళ్ల, మొయినాబాద్ విద్యార్థులకు, తల్లిదండ్రులకు, రెండు మున్సిపాలిటీల పెద్దలకు విజ్ఞప్తి

విదేశీ చదువుకు పోయే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో మన చిలుకూరు బాలాజీ గుడికి వస్తారు. వీసా రావాలని 11 ప్రదక్షిణలు చేస్తారు, వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుంటారు. ఆ గుడికి దగ్గర్లోనే ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా ఉన్నాయి. అయినా మన పిల్లలు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ శిక్షణ కోసం పొద్దున్నే మెహదీపట్నం బస్సెక్కి, అక్కడి నుంచి అమీర్‌పేట పోతున్నారు. రోజులో మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. ఇంతా చేస్తే చాలా చోట్ల చేతిలో పెట్టేది జిరాక్స్ తీసిన మాటల లిస్టు. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగు అర్థం. రోజుకు ఇన్ని అని బట్టీ పట్టాలి.

ఈ బట్టీ చదువు ఆగాలి. మన రెండు పట్టణాల్లోనూ గ్రంథాలయంలో సాయంత్రం పూట ఇంగ్లిష్ చదువు గది తెరవాలి. మేం అడుగుతున్నది ఇదే.

లిస్టు ఎందుకు పనికిరాదో చూడండి. అందులో 'మిటిగేట్' అనే మాటకు ఎదురుగా 'తగ్గించు' అని ఉంటుంది. కష్టపడి చదివిన అమ్మాయి పరీక్షలో టమాటా ధర 'మిటిగేట్' అయిందని రాస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట నష్టానికో, ముప్పుకో, కాలుష్య ప్రభావానికో వాడతారు. ధరకు వాడరు. ధర పడిపోయిందనడానికి ఆరో తరగతిలో నేర్చుకున్న 'ఫెల్' చాలు. పక్కన 'షార్ప్‌లీ' అని చేర్చితే ఇంకా మంచిది. పెద్ద మాట తప్పుగా వాడితే మార్కు పోతుంది, చిన్న మాట సరిగ్గా వాడితే వస్తుంది. రైటింగ్‌లోనూ స్పీకింగ్‌లోనూ పదసంపదకు ఇచ్చేది నాలుగో వంతు మార్కులే. ఆ నాలుగో వంతులోనూ ఎన్ని మాటలు వచ్చో ఒక్కటే కాదు, మాటను దాని జోడు మాటతో, తగిన చోట వాడామా లేదా అనీ చూస్తారు. బట్టీ పట్టిన జవాబులను పసిగట్టడంలో పరీక్షకులకు శిక్షణ ఉంటుంది. ఒకప్పుడు మరో ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈలో వ్యతిరేక పదాలను విడిగా అడిగేవారు కాబట్టి లిస్టుకు కొంత పని ఉండేది. 2011లో జీఆర్‌ఈయే ఆ ప్రశ్నలను ఎత్తేసింది. మనవాళ్లు మాత్రం లిస్టును వదల్లేదు.

మరి ఎన్ని మాటలు రావాలి? ఢాకాలో బెంగాలీ పిల్లల ఇంగ్లిష్ చదువు మీద ఏళ్ల తరబడి పనిచేసిన మైఖేల్ వెస్ట్ 1953లో సుమారు రెండు వేల మూల పదాలను ఏర్చి ఇచ్చాడు. ఏ ఇంగ్లిష్ పుస్తకం తెరిచినా పది మాటల్లో దాదాపు ఎనిమిది వాటిలోవే. 2000లో న్యూజిలాండ్ పరిశోధకురాలు ఆవెరిల్ కాక్స్‌హెడ్ పైచదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే 570 పద కుటుంబాలను వేరు చేసింది. ఆ పుస్తకాల్లో పదింట ఒక మాట అక్కడిదే. ముందు ఆ రెండు వేలు తడబడకుండా వాడడం రావాలి. తర్వాత ఈ 570 వాక్యాల్లో పదే పదే కంటపడాలి. ఇది చదవడం వల్లే జరుగుతుంది.

చదవడానికి మనకున్నంత సరుకు ఎవరికుంది? పర్యావరణం, నీళ్లు, నగరాల విస్తరణ, రోడ్లు ఈ పరీక్షలో మళ్లీ మళ్లీ వచ్చే విషయాలు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ మన పక్కనే ఉన్నాయి. వాటి పరీవాహకాన్ని కాపాడడానికి 1996లో వచ్చిన 111 జీవో 84 ఊళ్ల భూమి తలరాత మార్చింది. బీజాపూర్ రోడ్డు వెడల్పు చేస్తే మర్రిచెట్లు ఏమవుతాయన్న గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. వీటి మీద ఇంగ్లిష్ పత్రికల్లో ఎన్నో వార్తలు, వ్యాసాలు వచ్చాయి. జీవో వల్ల పొలం మంచి ధరకు అమ్ముకోలేకపోయిన ఇంటి పిల్లాడికి 'క్యాచ్‌మెంట్', 'రిస్ట్రిక్షన్', 'కాంపెన్సేషన్' బట్టీ పట్టాల్సిన పనేముంది? అలాంటి ఒక వ్యాసం చదివి, జీవో ఉండాలా వద్దా అని పక్కవాడితో ఇంగ్లిష్‌లో పది నిమిషాలు వాదిస్తే అవి నాలుక మీదికి వస్తాయి. స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలే.

గదికి పెద్ద ఖర్చేమీ లేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అది మన పైసే. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గ్రంథాలయం తెరిచి ఉంచండి. రెండు ఇంగ్లిష్ పత్రికలు, వాక్యాలతో అర్థం చెప్పే మంచి నిఘంటువు, హెడ్‌ఫోన్లున్న రెండు కంప్యూటర్లు పెట్టండి. పరీక్ష నిర్వాహకుల సైట్లలో నమూనా ప్రశ్నలు ఉచితంగానే దొరుకుతాయి. మొయినాబాద్ కాలేజీల యాజమాన్యాలు ఇంగ్లిష్ అధ్యాపకులను వారానికి ఒక్క సాయంత్రం పంపితే చాలు, రాసిన వ్యాసాలు దిద్దేవారు దొరికినట్టే.

తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్ష ఫీజే పదిహేను వేల పైన. స్కోరు చెల్లేది రెండేళ్లే. ఇంత బ్యాండ్ స్కోరు గ్యారంటీ అన్న బోర్డు చూసి ముందే తేదీ బుక్ చేయకండి. బిడ్డ డిగ్రీలో చేరిన ఏడాదే చదువు గదికి పంపండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు సర్కారు ఇచ్చే 20 లక్షల దాకా విదేశీ విద్యానిధికీ ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్ష స్కోరు కావాలి. అమీర్‌పేట ఫీజు కట్టలేక ఆ సాయం అందుకోలేని పిల్లలు మన ఊళ్లలో ఉండకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గది తెరిచేదాకా ఆగకండి. నలుగురు కలిసి రేపటి నుంచే ఒక ఇంటి అరుగు మీద ఒక వ్యాసం చదవడం మొదలుపెట్టండి. గది కావాలని అర్జీ రాసి, సంతకాలు చేసి, మీ వార్డు సభ్యుడి చేతికివ్వండి.