గ్రంథాలయ నిర్వాహకులకు యోగ్యతాపత్రము

మిర్యాలగూడెము బియ్యపుమిల్లులలో బాయిలరు నడపువానికి యోగ్యతాపత్రము ఉండవలెను. 1923 నాటి బాయిలర్ల చట్టము కాలమునుండి ఈ కట్టుబాటు ఉన్నది. మందుల దుకాణమున మందు కట్టియిచ్చువాడు 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము నమోదైనవాడై యుండవలెను. న్యాయస్థానమున నొకరి పక్షమున నిలిచి వాదింపగోరువాడు 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద పట్టికకెక్కవలెను. 2010లో వచ్చిన నియమమువలన ఈ వృత్తిలో క్రొత్తగ చేరువారు బార్ కౌన్సిలువారి పరీక్షయందు గూడ నుత్తీర్ణులు కావలెను. ప్రజల ప్రాణము, ధనము, హక్కు ఎవని చేతిలో పెట్టుచున్నామో వానిని ముందుగ పరీక్షించుట నాగరిక ప్రభుత్వముల ధర్మము. ఇన్ని వృత్తులకున్న ఈ కట్టుబాటు ఒక జిల్లా ప్రజలందఱి జ్ఞానభాండారమును నిర్వహించువారికి మాత్రము లేకపోవుట వింతగ నున్నది. బాయిలరు పేలినచో ఆ చప్పుడు పది యూళ్లకు వినబడును. గ్రంథాలయము క్షీణించునపుడు చప్పుడు లేదు. అందుచేతనే కాబోలు, దానినెవ్వరును పట్టించుకొనరు.

గ్రంథపాలకులకు చదువు లేదని మేమనుటలేదు. గ్రంథాలయశాస్త్రమున సర్టిఫికెట్టు కోర్సు మొదలు ఎం. ఏ. స్థాయి పట్టమువఱకు మన విశ్వవిద్యాలయములు బోధించుచున్నవి. ఉద్యోగమునకు ఆ పట్టములను అడుగుచున్నారు. కాని గ్రంథపాలకుని విద్య వేఱు, గ్రంథాలయ నిర్వాహకుని విద్య వేఱు. పుస్తకమునకు సంఖ్య వేయుట, పట్టిక వ్రాయుట, అడిగినవానికి అడిగినది తీసియిచ్చుట మొదటివాని పని. జిల్లా యంతటను చెదరియున్న శాఖలకు ధనము సమకూర్చుట, ఆయవ్యయ పత్రము సిద్ధపఱచుట, భవనములు కట్టించుట, సిబ్బందిని నడపుట, పుస్తకముల కొనుగోలులో ప్రజాధనమును కాపాడుట, స్థానికసంస్థలనుండి రావలసిన బాకీలను చట్టప్రకారము రాబట్టుట రెండవవాని పని. మొదటి విద్యలో పట్టముపొంది, సేవాకాలము గడచినకొలది మెట్టెక్కి జిల్లా గ్రంథాలయ సంస్థకు కార్యదర్శియైన ఉద్యోగి, రెండవ విద్యను ఎవరి కడ నేర్చెను? ఎవరు పరీక్షించిరి? పాత దస్త్రములను చూచి, పై యధికారుల కోపతాపములను చూచి నేర్చెనని చెప్పవలసి యుండును. అందులో ఆయన దోషమేమియు లేదు. దోషము ఏర్పాటుది.

ఈ మాట యనగనే పెద్దలొక ప్రశ్న వేయుదురు: మన గ్రంథాలయోద్యమమును నిర్మించిన మహనీయులకే యోగ్యతాపత్రము లుండెను? ఈ ప్రశ్న న్యాయమైనదే. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో మన పొరుగు మునగాల ప్రభువు నాయని వెంకటరంగారావుగారును, ఆయన దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, రావిచెట్టు రంగారావుగారును ఉండిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు ప్రాణము పోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పెట్టి ఊరూరికిని పంపిరి. తెలుగున పాఠశాల పెట్టుటకు, సభ జరుపుకొనుటకు అనుమతి వేడవలసిన నిజాము రాజ్యమున గ్రంథాలయము పేరనే తెలుగువాడు నలుగురితో కూర్చుండి లోకవృత్తాంతము తెలిసికొనెను. వీరిని పరీక్షించు పరిషత్తు లేదు. వీరి గోడలపై చట్రములు కట్టిన పత్రములు లేవు.

కాని ఆ కాలమునకును ఈ కాలమునకును నడుమ నొక పెద్ద భేదమున్నది. నాటి గ్రంథాలయము చందాలపై నడచినది. నేటిది పన్నుపై నడచుచున్నది. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టము వచ్చినది; దానివెనుక రంగనాథన్‌గారి కృషి జగద్విదితము. 1931లో దేవరకొండ యాంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రిగ నున్న కాలమున, 1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టము వచ్చినది. ఈ రెంటిని కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము చేసిరి; తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మటను ఆ చట్టపు చట్రమే కొనసాగుచున్నది. దానిప్రకారము ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చేర్చి వసూలు చేయుదురు. వేయి రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు దానితోపాటు ఎనుబది రూపాయలు గ్రంథాలయమునకు కట్టుచున్నాడన్నమాట. ఆయన పుస్తకము ముట్టినను కట్టును, ముట్టకున్నను కట్టును.

చందా ఇచ్చువానికి నిర్వాహకునియందు నమ్మకము పోయినచో మఱునాడు చందా మానివేయును. ఆ భయమే నాటి నిర్వాహకులకు నిత్యపరీక్ష. ఊరివారు ఏటేట ఇచ్చు చందాయే వారి యోగ్యతాపత్రము. పన్ను కట్టువానికి మానుకొను స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛను తీసికొన్న ప్రభుత్వము దానికి మాఱుగ నొక పూచీ ఈయవలెను: మీ సొమ్మును తెలిసినవాని చేతికిచ్చితిమి, వానిని పరీక్షించియే ఇచ్చితిమి అను పూచీ. యోగ్యతాపత్రమన నిదియే. ఇది ఉద్యోగికి అలంకారము కాదు, పన్ను కట్టువానికి రసీదు.

పన్ను కట్టువాని సొమ్మునకు నేడు పట్టుచున్న గతిని చూడుడు. గ్రామపంచాయతీయో పురపాలకసంఘమో ఈ పన్నును వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. వసూలైన సొమ్ము స్థానికసంస్థ ఖర్చులలో కలసిపోయి, సంస్థకు బాకీగ నిలిచిపోవుట మన రాష్ట్రమున చిరకాలపు వ్యాధి. చట్టమెఱిగి, లెక్క యెఱిగి, పట్టుదల గలిగిన కార్యదర్శి యున్నచోట కొంతయైన వచ్చును. లేనిచోట కాగితముపై అంకెగ మిగులును. 1972లో కలకత్తాయందు స్థాపితమైన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము రాష్ట్రములిచ్చు ధనమునకు తన వంతు ధనము చేర్చి పుస్తకసహాయము చేయుచున్నది. సకాలమున అడుగ నేర్చినవారికే అట్టి సహాయములు అందును. 2016లో పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి అని మూడైనది. జిల్లాలు చీలినపుడు భవనమెవరిది, బాకీ యెవరిది, సిబ్బంది యెవరిది అను లెక్క తేల్చుట పుస్తకమునకు సంఖ్య వేసినంత సులభమగునా?

నిడమనూరు రైతునకు ఈ సంగతి వేఱుగ బోధింప నక్కఱలేదు. సాగరమున నీరు నిండియున్నంతమాత్రమున ఎడమకాలువ చివరి పొలము తడవదు. ఎక్కడ నెంత వదలవలెనో, ఎపుడు కట్టవలెనో, పైవాడు అడ్డగించినచో ఎవరికి చెప్పవలెనో ఎఱిగినవాడు తూములకడ నుండవలెను. జ్ఞానమును నట్లే. రాజధానియందు గ్రంథములకు కొఱత లేదు. మండలకేంద్రమున ఉద్యోగపరీక్షకు చదువుకొను పేదయింటి పిల్లవానికి ఈ యేటి పుస్తకము కావలెను. పదేండ్ల నాటి పుస్తకము వానికి మోసమే చేయును. పట్టణమునకు పోయి శిక్షణాలయములలో వేలకు వేలు పోయలేని ఆడపిల్లకు సాయంకాలము దీపముండి, కూర్చుండుటకు గౌరవమైన చోటుండవలెను. ఇవి దానధర్మములు కావు. ఆ పిల్లల తలిదండ్రులు కట్టిన పన్నునకు ప్రతిఫలములు. అవి అందనిచో ఆ పిల్లలు కోల్పోవు సంవత్సరములను తిరిగి ఎవరు తెచ్చియిత్తురు?

ఇతర దేశముల నడవడిని గూడ కొంచెము విచారింతము. ఇంగ్లండునందు 1877లో స్థాపితమైన గ్రంథాలయ సంఘము ఎనిమిదేండ్లు తిరుగక మునుపే వృత్తిపరీక్షలు మొదలిడినది. 1898లో రాజశాసనము పొందినది. అమెరికాయందు గ్రంథపాలకులకు ఉన్నతపట్టములు బహుకాలమునుండి యున్నను, నిర్వహణకు అవి చాలవని వారే గ్రహించిరి. 2006లో అచటి గ్రంథాలయ సంఘపు అనుబంధసంస్థ ప్రజాగ్రంథాలయ నిర్వాహకులకు ప్రత్యేకమైన యోగ్యతాపత్రమును ప్రవేశపెట్టినది. గ్రంథాలయశాస్త్రపట్టముతోపాటు మూడేండ్లు ఇతరులపై అజమాయిషీ చేసిన యనుభవము గలవారికే అందు ప్రవేశము. ఆయవ్యయములు, భవనముల యోజన, సిబ్బంది నిర్వహణ, యంత్రసాంకేతిక విషయములు అందలి పాఠములు. న్యూయార్కు రాష్ట్రమున 2010 తరువాత పట్టా పొందిన ప్రజాగ్రంథపాలకులు అయిదేండ్లకొకమారు అరువది గంటల క్రొత్తచదువు చదివితిమని చూపవలెను. ఒకనాడు నేర్చినది జీవితాంతము చాలదని వారి భావము.

ఇదియంతయు విదేశపు మోజని కొట్టివేయరాదు. మనదేశమునకు శిక్షణ క్రొత్త గాదు. బరోడాయందు శాయాజీరావు మహారాజుగారు అమెరికానుండి బోర్డెనును రప్పించి 1911లోనే శిక్షణతరగతి పెట్టించిరి. 1915లో లాహోరునందు పంజాబు విశ్వవిద్యాలయమును, 1929లో చెన్నపట్టణమున మద్రాసు గ్రంథాలయ సంఘమును తరగతులు ప్రారంభించినవి. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయమును, 1959లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఈ శాస్త్రమును చేపట్టినవి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్వరాజ్యము రాకపూర్వమే కార్యకర్తలకు శిక్షణ గఱపినది. పట్టములు లేని మన పెద్దలే, తమ వెనుకటివారు శిక్షితులు కావలెనని కోరిరి. వారి పేరు చెప్పి శిక్షణను కాదనుట వారికి చేయు గౌరవము కాదు.

ఇక ఆక్షేపణలు. ఉన్న ఖాళీలనే నింపకున్నారు, ఒక్కరికే రెండుమూడు శాఖలప్పగించి వేళకు తలుపు తెఱచుటయే కష్టముగ నున్నప్పుడు పరీక్షల మాట యేల యని కొందఱందురు. ఖాళీలు నింపుటకు యోగ్యతాపత్రము ప్రతినిధి కాజాలదు. ముందు మనుష్యులను వేయుడు, వెంటనే వారిని తీర్చిదిద్దుడని మా మనవి. మఱికొందఱు ఇది శిక్షణల అంగడికి మఱియొక సరకగునని భయపడుదురు. వట్టి వ్రాతపరీక్షయైనచో ఆ భయము నిజమే. కావున అభ్యర్థి నడపిన గ్రంథాలయమునే పరీక్షింపవలెను: పాఠకులు పెరిగిరా, బాకీలు తగ్గినవా, లెక్కలు సరిగ నున్నవా, కొన్న పుస్తకములు చదువబడుచున్నవా? ఈ ప్రశ్నలకు బట్టీ పట్టి జవాబు చెప్పుట యెవరి తరము గాదు.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది. సంస్థాధ్యక్షుని ప్రభుత్వము నియమించును. పార్టీలు మాఱిన అధ్యక్షులు మాఱుదురు. ఇట్టిచోట కార్యదర్శి యెంత చదివిన నేమి ప్రయోజనమని యడుగుదురు. యోగ్యతతోపాటు అధికారమును రక్షణయు ఈయవలెనని మేము కోరుట ఇందుకే. యోగ్యతాపత్రము పొందిన నిర్వాహకుని సలహా వ్రాతపూర్వకముగ నుండవలెను. దానిని త్రోసిపుచ్చు అధ్యక్షుడు కారణము వ్రాయవలెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము నున్నది గనుక ఆ రెండును ప్రజలు చూడగలుగవలెను. పుస్తకముల కొనుగోలు విషయమున నిది ముఖ్యము. చదువని పుస్తకములతో అలమరలు నిండుట మన ధనమునకే కాదు, మన భాషకును అపకారము.

ప్రభుత్వమువారికి మా సూచనలు స్వల్పములు. రాష్ట్ర గ్రంథాలయ పరిషత్తు, విశ్వవిద్యాలయములు, గ్రంథాలయ సంఘములు కలిసి యొక పరీక్షామండలిని ఏర్పఱచవలెను. ఒక్క శాఖాధికారుల చేతిలోనే అది యుండరాదు. జిల్లా సంస్థల కార్యదర్శులకును, పెద్ద గ్రంథాలయముల పాలకులకును మూడేండ్ల సేవానంతరము ఈ పరీక్ష విధింపవలెను. నేడు పనిచేయుచున్నవారికి చాలినంత గడువీయవలెను. ఎవరి బ్రతుకుతెరువును తీయరాదు. పాఠములు తెలుగున నుండవలెను. 1982లో వెలసిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వంటి సంస్థ పూనుకొన్నచో నౌకరీ మానకయే యెవరైనను చదువుకొనగలరు. గ్రంథాలయ చట్టము, లెక్కలు, భవనములు, పుస్తకముల యెన్నిక, బాలబాలికలసేవ, ‘ఈ-గ్రంథాలయ’ వంటి కంప్యూటరు ఏర్పాటులు అందు చేరవలెను. అయిదేండ్లకొకమారు పత్రమును క్రొత్త చేయవలెను. అల్పవేతనముతో పల్లె గ్రంథాలయమును కాచుచున్న కార్యకర్తకును నాలుగువారముల శిక్షణయు, దానికి తగిన జీతపు పెంపును ఈయవలెను. ఆయనను విడిచి పైవారినే తీర్చిదిద్దుట మేడకు పై యంతస్తు మాత్రము కట్టుట వంటిది.

పాఠకమహాశయులకు నొక్కమాట. మీ యింటిపన్ను రసీదును తీసి చూడుడు. అందు గ్రంథాలయపు పద్దు నెదుకుడు. ఆ సొమ్ము సంస్థకు చేరినదా యని పంచాయతీని అడుగుడు. దానితో నేమి చేసితిరని సంస్థను అడుగుడు. అడుగువారున్నచోట తెలిసినవారిని నియమింపక ప్రభుత్వమునకు గత్యంతరముండదు. నిజాము కాలమున మన పెద్దలు అనుమతి లేకున్నను గ్రంథాలయములు పెట్టిరి. స్వరాజ్యమున, పన్ను కట్టియు, వానిని తెలిసినవాని చేతిలో పెట్టుమని యడుగుటకు మనకు నోరు రాకుండునా?