రూమ్‌దేముంది, పడుకోవడానికేగా!

టూర్ అనుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఒక్కసారైనా వినపడుతుంది. "రూమ్‌దేముంది, రాత్రి పడుకోవడానికేగా!" అనేది దాదాపు ఎప్పుడూ మగవాళ్లే. వాళ్ల వరకు అది నిజం కూడా. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, షార్టు తొడుక్కుని నీళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. మళ్లీ రూమ్ మొహం చూసేది రాత్రికే. తడి బట్టలు పిండి ఆరేసేది ఎక్కడ? ఇసుక కాళ్లతో మంచమెక్కిన పిల్లల్ని దింపి కడిగేది ఎక్కడ? చంటిదానికి పాలు వేడి చేసేది, అత్తయ్యగారికి షుగర్ మాత్ర వేసే టైముకి ఏదో ఒకటి తినిపించేది ఎక్కడ? అంతా ఆ రూమ్‌లోనే. వాళ్లకది పడక. మనకది డ్యూటీ.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. నీళ్ల పక్కనో, దీవి మీదో సెలవు గడపాలనుకున్నప్పుడు హోటల్ ఎంచుకునే పని ఇంటి ఇల్లాలి చేతిలో ఉండాలి. "నీకేం కావాలో చెప్పు, నేను బుక్ చేస్తాలే" అంటే కుదరదు. ఫొటోలు ఆమె చూడాలి, ఫోన్ ఆమె చెయ్యాలి, ఇది వద్దు అంటే అక్కడితో ఆగిపోవాలి.

మా ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం వాళ్లకి సముద్రం దూరం. మాకు బీచ్ అంటే గోదారి ఇసుకే. పోచవరంలో బోటెక్కి, పేరంటాలపల్లి శివాలయం చూసుకుని, కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి గడిపి, పాపికొండలు చూసి రావడం మావైపు పెద్ద సరదా. ఒకప్పుడు అదంతా మా ఖమ్మం జిల్లానే. 2014లో ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాక రాములవారి ఊరు ఇటు, ఆ ఇసుక అటు అయ్యాయి. (మనం ఒక్క రాత్రికి గుడిసె అద్దెకి తీసుకుని మురిసిపోతాం. పోలవరం నీళ్లకి అసలు ఇళ్లే పోగొట్టుకుంటున్న కొండరెడ్ల ముందు ఆ మురిపెం చూపించకపోతే మంచిది.)

అందం సంగతి నేను కాదనను. రెండు పక్కలా కొండలు, మధ్యలో చప్పుడు లేని గోదారి, రాత్రి చలిమంట, పైన చుక్కలు. మేం బంధువులం గుంపుగా వెళ్లిన క్యాంపు పేరు చెప్పను, ఆ గుంపులో ఆడవాళ్లం ఏడుగురం. బాత్రూములు గుడిసెలకి దూరంగా, ఇసుకలో నడిచి వెళ్లాల్సిన చోట ఉన్నాయి. లైటు ఒక్కటే. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏడుగురిలో ఒక్కరూ మంచినీళ్లు ముట్టుకోలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అందరికీ అలవాటైన లెక్కే అది, బడిలో ఉన్నప్పుడే నేర్చుకున్నాం. రాత్రి పదకొండింటికి మా వదిన నన్ను లేపింది, నేను ఇంకొకరిని లేపాను, ముగ్గురం సెల్‌ఫోన్ టార్చీతో వెళ్లొచ్చాం. పొద్దున మగవాళ్లు "ఎంత హాయిగా నిద్ర పట్టిందో!" అని ఒళ్లు విరుచుకున్నారు. నిజంగానే పట్టి ఉంటుంది.

ఆ క్యాంపు ఫొటోలు బుక్ చేసేటప్పుడు చూసింది మా వాళ్లే. ఫొటోలో చలిమంట ఉంది, గోదారి ఉంది. బాత్రూమ్ ఫొటో లేదు. లేకపోవడం వాళ్ల కంటికి ఆనలేదు. అదే మనం చూస్తే మొదట వెతికేది దాన్నే. ఆడవాళ్లకి వంకలెక్కువ అంటారు గానీ, ఆ వంకల్లోనే అసలు విషయం ఉంటుంది.

ఇక్కడ "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" అనే పెద్దవాళ్లకి కూడా జవాబు చెప్పాలి. ముక్కోటికి, శ్రీరామనవమికి భద్రాద్రి వచ్చి సత్రం వసారాలో చాప పరుచుకుని, గోదాట్లో మునిగి, తడి చీరతోనే దర్శనానికి వెళ్లిన వాళ్లు వాళ్లు. ఆ కష్టానికి ఒక అర్థం ఉంది, మొక్కు మొక్కుకున్నారు, తీర్చుకున్నారు. యాత్రలో సుఖం వెతకనక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ విహారానికి డబ్బు కట్టి వెళుతూ, యాత్రకి పడాల్సిన కష్టాన్ని ఇంట్లో ఒక్క మనిషి మీదే పెట్టడం ఏం న్యాయం? నేనేం మొక్కుకున్నానని?

ఇక అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది "కిచెన్ సౌకర్యం కలదు" అనే ప్రకటన. దాన్ని చూసి మగవాళ్ల కళ్లు మెరుస్తాయి. "బయట తిండి పడదు కదా, మనమే వండుకోవచ్చు." ఈ "మనం" ఎవరో నాకు బాగా తెలుసు. కేంద్ర ప్రభుత్వం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో 2019లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో అదే లెక్క తీస్తే మనకి 289, వాళ్లకి 88. అయిదేళ్లలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్లూ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు, చూశారా! రోజుకి దాదాపు అయిదు గంటలు. ఇల్లు వదిలి వెళ్లిన ఆ మూడు రోజులైనా ఆ అయిదు గంటలు నా చేతికి రావాలి. గ్యాస్ పొయ్యి, కుక్కర్ ఉన్న గది తీసుకుంటే వంటిల్లు మూట గట్టుకుని దీవికి వెళ్లినట్టే. టీ పెట్టుకోవడానికి ఒక కరెంటు కెటిల్ చాలు. పిల్లల పాలకీ అది సరిపోతుంది. అంతకు మించి గదిలో ఏ వంట సామానూ ఉండకూడదని నా నియమం. టిఫినూ భోజనమూ అక్కడే పెట్టే హోటల్ అయితే అద్దె కాస్త ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను.

పడవ సంగతి కూడా చెప్పాలి. దీవి మీద హోటల్ ఎంచుకోవడమంటే పడవని ఎంచుకోవడం, నెలని ఎంచుకోవడం కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగిపోయింది గుర్తుందా? గోదారి వరద మీద ఉన్న రోజులవి. డెబ్బై మందికి పైగా ఎక్కితే బతికి బయటపడింది 26 మంది. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్లిన వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ తర్వాత బోట్లు ఆపేశారు, కంట్రోల్ రూములు పెట్టారు, మళ్లీ మొదలుపెట్టారు. గోదారిని తక్కువ అంచనా వెయ్యకూడదని మా వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71.3 అడుగులకి వచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. అయినా "ఆఫ్ సీజన్, సగం రేటు" అనగానే గంతేసే బావగార్లు ప్రతి ఇంట్లో ఉంటారు. నేను ఫోన్‌లో అడిగేది వేరు. లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే అంటారు. "అయిదేళ్ల పిల్లకి సరిపడేది ఉందా?" అని అడగండి. అవతల ఒక్క క్షణం చప్పుడు ఆగిందా, ఆ హోటల్ వదిలెయ్యండి.

ఇప్పుడు మావైపు కూడా అందరి నోటా అండమానే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది కదా, పెళ్లి రోజని, పిల్లల సెలవులని వెళుతున్నారు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. బుక్ చేసేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన మన వాళ్లు అక్కడ బోలెడు మంది, తెలుగు మాట వినపడుతుంది, ఆ దిగులు అక్కర్లేదు.

"పడుకోవడానికేగా" అనే వాళ్ల నోరు మూయించడానికి అండమాన్‌ని మించిన చోటు లేదు. మనం ఎంతో తూర్పున ఉన్న ఆ దీవుల్లో కూడా ఇక్కడి గడియారమే వాడతాం. అందుకని డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదుకే పొద్దు గూకుతుంది. చీకటి పడ్డాక సముద్రంలో దిగే పని లేదు. అయిదు నుంచి పిల్లలు పడుకునే తొమ్మిదిన్నర దాకా ఏం చేస్తారు? రూమ్‌లోనే ఉంటారు. నాలుగున్నర గంటలు! ఇద్దరు పిల్లలు, ఒక మంచం, ఒక చిన్న కిటికీ. అలాంటి చోట వరండా ఉందా, పిల్లలు ఆడుకోవడానికి లైటున్న జాగా ఉందా, మనం ఒక కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునే మూల ఉందా అన్నది అద్దె కన్నా ముందు చూడాలి. ఆ దీవుల్లో కరెంటు చాలావరకు డీజిల్ కాల్చి తయారుచేసేదే. జనరేటర్ ఉందో లేదో, ఉంటే ఫ్యాన్‌కి కూడా ఇస్తారో లేదో అడగాలి.

"బీచ్ ఫ్రంట్" అన్న మాటని కూడా అంత తొందరగా నమ్మకండి. స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్ బీచ్ పడమటి వైపు, మెత్తటి ఇసుక. మనకి అందే రేట్లున్న హోటళ్లు ఎక్కువగా తూర్పు వైపు గోవిందనగర్, విజయనగర్ పక్కన ఉంటాయి. అటు ఆటు సమయంలో నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్లు, పగడపు గుట్టలు బయటపడతాయి. హోటల్ వాళ్లు పెట్టే ఫొటో పోటు మీద తీసిందే అయ్యుంటుంది. స్నానానికి ఎలాగూ రాధానగర్‌కి బండి కట్టించుకుని వెళ్లాలి. అలాంటప్పుడు రాళ్లు చూడటానికి ఎక్కువ డబ్బెందుకు? నాలుగడుగులు లోపలికి ఉన్నా శుభ్రమైన బాత్రూమ్, మంచి తిండి ఉన్న హోటల్ చూసుకుంటే సరి.

అంత దూరం వద్దనుకుంటే ములుగు వైపు లక్నవరం ఉంది. కాకతీయుల నాటి చెరువు, మధ్యలో దీవులు, వాటి మీద కాటేజీలు, 2024లో మూడో దీవి కూడా తెరిచారు. చక్కటి చోటు, అడవి వాసన ముక్కుకి తగులుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఊగే వంతెన మీద ఎంత దూరం నడవాలి, పడవ ఎక్కాల్సి వస్తే మెట్లెన్ని, సామాను ఎవరు మోస్తారు అని ముందే అడగాలి. ఆవిడ అక్కడిదాకా వెళ్లి "మీరు తిరిగి రండి, నేను ఇక్కడ కూర్చుంటా" అన్నారంటే తోడు కూర్చునేది కోడలే. కొడుకు ఫొటోలు తీసుకొస్తాడు, చూపిస్తాడు.

డబ్బుల మాట రాకుండా ఉండదు. మనం మధ్యతరగతి వాళ్లం, నాకూ తెలుసు, పాలవాడి లెక్క రాసేది నేనే. మూడు రాత్రులు చవక గదిలో కన్నా రెండు రాత్రులు మంచి గదిలో ఉండొచ్చు కదా. మా ఇంట్లో ఈ మాట నెగ్గడానికి చాలా కాలం పట్టింది. "ఇంకో రోజు తగ్గిపోతుందే" అన్నారు మావారు. తగ్గేది తనకి, నాకు పెరుగుతుంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

ఇంకో చిక్కుంది. మనం ఫోన్ చేస్తే అవతలి వాళ్లు "సార్‌కివ్వండి మేడమ్" అంటారు. ఇవ్వకండి. ఒక చోటుకి నేనే చేశాను, పేరెందుకులెండి. వేడినీళ్లు ఏ టైముకి, గడియ లోపల్నుంచి పడుతుందా, రాత్రి పిల్లకి జ్వరమొస్తే దీవి దాటించే పడవ ఉంటుందా, శానిటరీ ప్యాడ్లు వెయ్యడానికి మూతున్న డబ్బా ఉందా అని వరసగా అడిగాను. ఆ కుర్రాడు మొదట నవ్వాడు, తర్వాత ఇబ్బంది పడ్డాడు. "బాత్రూమ్‌లో బట్టలు తగిలించుకోవడానికి ఏముంది బాబూ?" అంటే "ఉండండి మేడమ్, చూసొస్తా" అని నిజంగానే వెళ్లాడు. వచ్చి "ఏం లేదండీ" అన్నాడు. ఎన్నాళ్లుగా పని చేస్తున్నావంటే నాలుగేళ్లట. మేం వెళ్లేసరికి తలుపు వెనక రెండు కొక్కేలు కొత్తగా బిగించి ఉన్నాయి, కింద రంపపు పొట్టు కూడా ఇంకా ఊడవలేదు.